ఇంటూ పడని పేర్లు

15 ఏప్రిల్ 2023, శనివారం, కంపాలా

క్రికెట్ చూద్దామని పోయి బాస్కెట్‌బాల్ చూసొచ్చాను. తప్పు నాది కాదు, వానది.

లుగోగోలో క్రికెట్ మైదానమూ ఇండోర్ స్టేడియమూ ఒకే ఆవరణలో ఉన్నాయి. శనాదివారాలు మైదానం గట్టు మీద సగం మంది మనవాళ్ళే. గుజరాతీ పెద్దాయన ఒకరు ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకుని పక్కవాళ్ళకి మూతలో పోసిస్తుంటారు. 1972లో ఉగాండా నియంత ఇడీ అమీన్ తొంభై రోజుల గడువు పెట్టి వెళ్ళగొట్టిన కుటుంబాల్లో వాళ్ళదొకటి, తర్వాత తిరిగొచ్చారు. ఇవాళ ఆ మూత నా చేతికొచ్చేసరికి చినుకు మొదలైంది. ఏప్రిల్ ఇక్కడ పెద్ద వానల నెల. కంపాలా వాన మన తొలకరిలా ముందు మట్టివాసన పంపి రాదు, బిందె బోర్లించినట్టు పడుతుంది. అందరూ కార్ల వైపు పరిగెత్తారు. కారు లేని నేను తలుపు తెరిచున్న స్టేడియంలో దూరాను.

దాని పేరిప్పుడు ఎంటీఎన్ ఎరీనా. ఫోన్ కంపెనీ పేరు. జనం మాత్రం లుగోగో అనే అంటారు. లోపల ఆట నడుస్తోంది. రేకుల మీద వాన మోతకి ఈల కూడా సరిగ్గా వినపడటంలేదు. ఆ మోత కాస్త తగ్గాక విన్నాను, చెక్క నేల మీద బూట్ల కిచకిచ. పది జతల బూట్లు ఒక్కసారి దిశ మార్చుకుంటే పిచ్చుకల గుంపు లేచినట్టుంది. టీవీలో ఇన్నేళ్ళు చూసినా ఈ చప్పుడు ఎప్పుడూ పట్టించుకోలేదు.

వాన వెలిసినా లేవలేదు. క్రికెట్ మళ్ళీ మొదలైందో లేదో తెలియదు.

17 ఏప్రిల్, సోమవారం

గోడౌన్‌లో మధ్యాహ్నం స్టాకు లెక్క. జీఐ రేకులు, మేకులు, బైండింగ్ వైరు. మా స్టోర్ కీపర్ది గులూ వైపు. నలభై దాటి ఉంటాయి, ఆరడుగుల పైన మూడంగుళాలు. పై అరలో పెట్టెలు దించడానికి ఆయనకి నిచ్చెన అక్కర్లేదు. ఆయన స్టాకు రిజిస్టరు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. ఒక వారం ఎర్ర సిరా, ఒక వారం నీలం. కొట్టివేత ఒక్కటి కనపడదు. ఎవరు నేర్పారో అనుకునేవాణ్ణి.

మొన్నటి ఆట సంగతి చెప్పగానే నవ్వి, “టేబుల్ దగ్గర చారల గొడుగు పెట్టుకుని కూర్చున్నది నేనే సర్” అన్నాడు. టేబుల్ ఉందనే నేను గమనించలేదు. ఆటగాళ్ళు, రిఫరీలు, బోర్డు, అంతే చూశాను. మూడేళ్ళుగా నాకు ఎదురుగా కూర్చుని రేకులు లెక్కపెట్టే మనిషి సాయంత్రాలు జాతీయ లీగ్‌లో స్కోరరు. చెప్పలేదేం అంటే, “మీరు క్రికెట్ మనిషి కదా” అన్నాడు.

ఫైల్లోంచి ఒక స్కోర్ షీటు తీసి రేకుల కట్ట మీద పరిచాడు. లెక్కల మనిషిని, కాగితం చూస్తే ఆగలేను. అరగంట దాని మీదే గడిచింది.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, ఫిబా, వాళ్ళ నమూనా ఇది, ప్రపంచమంతా ఒకటే. ఎడమ పక్కన రెండు జట్ల పేర్లు, ఒక్కో జట్టుకి పన్నెండు మంది. కుడి పక్కన 1 నుంచి 160 దాకా అంకెలు బారులు తీరి ఉంటాయి, పక్కపక్కన రెండు జట్లకి. బుట్ట పడితే కొత్త మొత్తం మీద అడ్డంగా ఏటవాలు గీత, పక్కన వేసినవాడి నంబరు. మూడు పాయింట్ల బుట్టయితే ఆ నంబరు చుట్టూ సున్నా. ఫ్రీ త్రో అయితే గీత బదులు నిండు చుక్క. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర సిరాతో, రెండూ నాలుగూ నీలంతో. రిజిస్టరులో రంగుల మర్మం ఇదన్నమాట. క్వార్టర్ ముగిస్తే ఆఖరి అంకె చుట్టూ దట్టంగా సున్నా, కింద గీత. ఆట ముగిస్తే మొత్తం కింద రెండు గీతలు.

“రెండు గీతలు మేమూ గీస్తాం” అన్నాను. ఖాతా ముగించిన చోట రెండు గీతలు లేకపోతే మా గురువుగారు పుస్తకం విసిరికొట్టేవారు.

ఇది మన చిట్టాయే. ఎప్పుడు, ఎవరు, ఎంత అన్నది వరసగా పడుతుంది. ఆవర్జాలోకి ఎక్కించడం, ఆటగాడి పేరు మీద మొత్తాలు తీయడం తర్వాతి పని. ఆ చిట్టాను చదువుతూ పోతే ఆట చూడకపోయినా ఎక్కడ ఒక జట్టు ఊపిరాడకుండా అయిందో తెలుస్తుంది. ఒక పక్క అంకెల మీద వరసగా గీతలు దిగుతుంటే రెండో పక్క తెల్లగా ఉండిపోతుంది.

23 ఏప్రిల్, ఆదివారం

వాండెగెయా వైఎంసీఏ. పారిశ్రామికవాడ నుంచి బోడా అనే మోటారు సైకిలు టాక్సీ మీద నాలుగు వేల షిల్లింగులు. మొదట్లో ఈ వేలు వింటే గుండె జారేది. మన లెక్కలో తొంభై రూపాయలు.

ఇక్కడ కప్పు లేదు, ఆరుబయట కోర్టు. లీగ్ ఆటలు ఏళ్ళుగా ఇక్కడా జరుగుతున్నాయి. పక్కనే మకెరెరే యూనివర్సిటీ, కుర్రాళ్ళు నడిచి వస్తారు. వాండెగెయా అన్న పేరు గిజిగాళ్ళ మీద వచ్చిందట. ఇప్పుడు స్తంభాల మీదా చెట్ల మీదా మరబూ కొంగలదే రాజ్యం. మనిషి నడుముకి పైకొచ్చేంత ఎత్తు, బట్టతల, మెడకింద వేలాడే సంచి. రిటైరైన తాసీల్దార్లలా వంగి నిలబడి ఆట చూస్తుంటాయి. ఎవరైనా చపాతీ ముక్క పారేస్తే అప్పుడు దిగుతాయి.

కోర్టు చూడగానే సికింద్రాబాద్ గుర్తొచ్చింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిలు మీద వైఎంసీఏకి వెళ్ళి గోడ పక్కన నిలబడేవాళ్ళం. పొడుగు పిల్లల్ని పిలిచి ఆడించేవారు. నా ఎత్తు చూసి బంతులందించమన్నారు. రెండు నెలలు అందించి మానేశాను. ఇప్పుడు ఆలోచిస్తే రెండు వైఎంసీఏలూ ఒక తల్లి పిల్లలే. 1891లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వైఎంసీఏ శిక్షణ బడిలో నైస్మిత్ మాస్టారు పీచ్ పళ్ళ బుట్టలు రెండు గోడకి కొట్టించి, పదమూడు నియమాలు రాసి మొదలుపెట్టిన ఆట. ఆ సంస్థ ఎక్కడికి వెళ్తే అక్కడికి బుట్టను మోసుకెళ్ళింది.

రెండో క్వార్టర్లో వాన. ఆట ఆపారు. స్టోర్ కీపర్ ముందు షీటుని చొక్కాలోకి తోసి ఆ తర్వాత తన నెత్తి చూసుకున్నాడు. వెలిశాక రెండు జట్ల ఆటగాళ్ళూ తలా ఒక తుడుపుకర్ర పట్టుకుని నీళ్ళు తోశారు. అయిదు నిమిషాల క్రితం ఒకరి మోచేయి ఒకరి డొక్కలో పొడుచుకున్నవాళ్ళు ఒకే బకెట్లో గుడ్డ పిండుతున్నారు. గంటంబావు తర్వాత నేల ఆరింది. ఆగిన చోటి నుంచే, ఆగిన సెకను నుంచే మొదలు.

రాత్రి టీవీ చికెన్ తిన్నాం. అద్దాల పెట్టెలో కోళ్ళు గుండ్రంగా తిరుగుతూ కాలుతుంటాయి. టీవీ చూసినట్టు జనం నిలబడి చూస్తారు కాబట్టి ఆ పేరు. ఫోన్లో మా ఆవిడ “ఆదివారం పూట ఎక్కడ తిరుగుతున్నారండీ, మూడు సార్లు చేశాను” అంది. బాస్కెట్‌బాల్ అన్నాను. కాసేపు మాట లేదు. “మీరా?” అంది.

30 ఏప్రిల్, ఆదివారం

వారమంతా కైరో కబుర్లే. సిటీ ఆయిలర్స్ అక్కడ ఆడుతోంది, బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్‌లో. ఎన్‌బీఏ, ఫిబా కలిసి పెట్టిన పోటీ ఇది, 2021లో కిగాలీలో మొదలైంది. ఖండం మొత్తానికి పన్నెండు క్లబ్బులు. ఉగాండా క్లబ్బు ఒకటి అక్కడిదాకా వెళ్ళడం ఇదే మొదలు. నిరుడు ఆఖర్న జోహన్నెస్‌బర్గ్‌లో అర్హత పోటీ గట్టెక్కి ఈ చోటు సంపాదించారు.

ఆయిలర్స్ గురించి రాసుకోవాలి. పేరు సిటీ ఆయిల్ అనే పెట్రోలు బంకుల నుంచి వచ్చింది. 2013లో పై డివిజన్లో అడుగు పెట్టారు, ఆ ఏడే కప్పు. అప్పట్నుంచి పూర్తిగా నడిచిన ప్రతి సీజనూ వాళ్ళదే. మధ్యలో కరోనా వచ్చి లీగ్‌నే ఆపగలిగింది గానీ వాళ్ళని ఏ జట్టూ ఆపలేదు. కోచ్ మాండీ జురూనీ. జాతీయ జట్టుకీ ఆయనే చేశాడు కొన్నేళ్ళు. జిమ్మీ ఎనాబు కెప్టెన్సీ గురించి స్టోర్ కీపర్ మాట్లాడితే మా అమ్మమ్మ ఎన్టీఆర్ గురించి మాట్లాడినట్టుంటుంది.

ఏటా ఒకడే గెలిచే లీగ్‌ని ఎవడు చూస్తాడు అన్నాను. తెలిసిన కథని తెల్లార్లూ చూసే దేశం నుంచి వచ్చి ఆ మాట అనకూడదని తర్వాత తోచింది. వీధినాటకంలో హిరణ్యకశిపుడు చస్తాడని అందరికీ తెలుసు. ఎలా చస్తాడో చూడ్డానికే కదా పట్టలు పరుచుకు కూర్చునేది. ఇక్కడ మాత్రం పదేళ్ళయినా చావట్లేదు.

అయినా నిజం చెప్పాలంటే ఇది కొంచెం రోగమే. డబ్బు ఒక్క చోట చేరితే మంచి ఆటగాళ్ళు అక్కడికే చేరతారు. మిగతా జట్ల సంగతి వేరు. యూనివర్సిటీ జట్లున్నాయి: ముకోనోలో ఉన్న యూసీయూ కానన్స్, కన్సంగా వైపు కేఐయూ టైటన్స్, ఎండెజ్జే వాళ్ళు. ఫీజు మాఫీ ఇచ్చి ఆటగాణ్ణి తెచ్చుకుంటారు. డిగ్రీ అయిపోగానే వాడు వెళ్ళిపోతాడు. సైన్యం జట్టు ఉంది, టొమాహాక్స్. ఫాల్కన్స్, పవర్ లాంటి పాత కాపులున్నారు. జాతీయ లీగ్ అంటారు గానీ దాదాపు అన్ని జట్లూ కంపాలా చుట్టుపక్కలవే. గులూ కుర్రాడు ఈ లీగ్ ఆడాలంటే ముందు గులూ వదిలి రావాలి. మా స్టోర్ కీపర్ వచ్చింది అందుకే. మోకాలు పోయాక పెన్ను పట్టాడు.

7 మే, ఆదివారం

కైరోలో ఆరు జట్లలో నాలుగు కిగాలీ వెళ్తాయి. ఆ నాలుగింట్లో ఆయిలర్స్ లేదు. నిన్నటితో అయిపోయింది.

గోడౌన్ ఎదుట చపాతీ బండి దగ్గర దీని మీద పెద్ద పంచాయితీ. ఇక్కడ చపాతీలో గుడ్డట్టు చుట్టి ఇస్తారు, రోలెక్స్ అంటారు. రోల్ చేసిన ఎగ్స్ అన్నది అలా అరిగిపోయింది. చపాతీ మనవాళ్ళు తెచ్చిందే, చుట్టడం వీళ్ళది. బండివాడు ఆయిలర్స్‌ని తిట్టాడు, ఇంట్లో పులి అని. మన ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అచ్చంగా అదే భావం, ఎంత సంతోషమేసిందో. స్టోర్ కీపర్ మాత్రం తిట్టలేదు. అల్ అహ్లీ, పెట్రో దె లువాండా లాంటి జట్లు ఉన్న గుంపది. ఇక్కడ ఇరవై పాయింట్ల తేడాతో గెలిచే అలవాటున్నవాడు ఆఖరి రెండు నిమిషాలు నిబ్బరంగా ఆడటం ఎక్కడ నేర్చుకుంటాడు అన్నాడు. వాళ్ళ ఓటమి మన లీగ్ ఓటమి సర్ అన్నాడు. నాకు ఇది సరైన మాటనిపించింది. పదేళ్ళుగా ఎదురులేనివాడికి ఎదురులేకపోవడమే నష్టం చేసింది.

తర్వాత తనే 2021 ఆగస్టు ఎత్తుకున్నాడు. కిగాలీలో ఆఫ్రోబాస్కెట్. నైజీరియాని ఉగాండా 80-68తో కొట్టి క్వార్టర్ ఫైనల్‌కి వెళ్ళిన రోజు. ఆ అంకెలు చెప్పేటప్పుడు చేయి గాల్లో ఏటవాలు గీత గీసింది, 80 మీద.

3 జూన్, శనివారం

అమరుల దినం, సెలవు. పందొమ్మిదో శతాబ్దపు ఎనభైల్లో ఇక్కడి రాజు చంపించిన క్రైస్తవుల పేరున నముగొంగోకి జనం నడిచి వెళ్తారు. వారాల తరబడి నడిచి వచ్చినవాళ్ళున్నారు. జింజా రోడ్డు మీద నిన్నంతా చెప్పులు చేత పట్టుకున్నవాళ్ళే. మన శ్రీశైలం కాలినడక జనం గుర్తొచ్చారు.

నేను ఇంట్లో కూర్చుని పాత ఆటల వీడియోలు పెట్టుకుని ఖాళీ షీట్లు నింపాను. స్టోర్ కీపర్ ఇరవై జిరాక్సులిచ్చాడు. మొదటి అయిదింట్లో మొత్తమే కలవలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, సిగ్గేసింది. ఫౌళ్ళ గడుల్లో P బదులు అలవాటుగా ‘టిక్’ పెట్టేస్తున్నాను.

పేర్ల పక్కన ఒక సన్నటి గడి ఉంది. ఆటగాడు కోర్టులో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు అందులో చిన్న ఇంటూ గుర్తు వేయాలి. మొదలుపెట్టిన అయిదుగురికైతే ఆ ఇంటూ చుట్టూ సున్నా. మిగిలినవాళ్ళకి దిగినప్పుడు. దిగనివాడికి ఏమీ లేదు. కొన్ని పేర్ల పక్కన ఆ గడి అలా తెల్లగానే ఉండిపోతుంది. స్టోర్ కీపర్ ఫైల్లో కింది డివిజన్ జట్టు ఒకటి ఉంది, పేరు రాయను. అందులో 14వ నంబరు కుర్రాడికి ఈ సీజన్లో ఒక్క షీటులోనూ ఇంటూ లేదు. ప్రతి షీటులో పేరుంది. అంటే ప్రతి ఆటకీ వచ్చాడు, జెర్సీ వేసుకున్నాడు, వార్మప్ చేశాడు, బెంచీ మీద కూర్చున్నాడు.

11 జూన్, ఆదివారం

రాయబుద్ధి కావడంలేదు. రాస్తాను.

కింది డివిజన్ ఆట. అసిస్టెంట్ స్కోరరుగా రావాల్సినావిడ రాలేదు. రిఫరీలతో మాట్లాడి స్టోర్ కీపర్ నన్ను కూర్చోబెట్టాడు. పని తేలిక: అంకెల పలకలు తిప్పడం, స్కోరరుతో సరిచూసుకోవడం. మొదటి మూడు క్వార్టర్లు బాగానే తిప్పాను. నాలుగో క్వార్టర్ మొదట్లో నీలం జట్టువాడు గీత బయట నుంచి వేశాడు. రిఫరీ రెండు చేతులూ మూడేసి వేళ్ళతో పైకెత్తాడట. నేను అప్పుడు పలక మీద వాలబోయిన కొంగని అదిలిస్తున్నాను. రెండే తిప్పాను. షీటులో మూడు పడింది.

తర్వాత ఆట ఎంత జోరుగా నడిచిందంటే మా ఇద్దరికీ తల పక్కకి తిప్పే తీరిక లేదు. అది సాకు. సరిచూసుకోవడమే నా పని.

ఇరవై సెకన్లున్నాయి. పలక మీద 58-57, నీలం జట్టు ఒకటి వెనక. బంతి ఎదుటివాళ్ళ దగ్గర. వెనకబడ్డ జట్టు కోచ్ ఎవరైనా ఏం చేస్తాడో ఈయనా అదే చేశాడు: ఫౌల్ చేయండి, గడియారం ఆపండి అని అరిచాడు. చేశారు. అప్పటికే ఆ క్వార్టర్లో నాలుగు జట్టు ఫౌళ్ళయ్యాయి, కాబట్టి రెండు ఫ్రీ త్రోలు. ఆ ఫౌల్ రాయడానికి వంగిన స్టోర్ కీపర్ తలెత్తి పలక చూసి, షీటు చూసి, నన్ను చూశాడు. షీటులో 58-58. సమం. సమంగా ఉన్న జట్టుకి ఫౌల్ చేయాల్సిన పనే లేదు, నిలబడి కాచుకుంటే చాలు.

రిఫరీని పిలిచి చెప్పాడు. పలకకీ షీటుకీ తేడా వస్తే షీటుదే మాట. పలక దిద్దారు. కానీ ఫౌల్ ఫౌలే, దాన్ని ఏ నియమమూ వెనక్కి తీసుకోదు. రెండు ఫ్రీ త్రోలూ పడ్డాయి. రెండు నిండు చుక్కలు. 60-58. నీలం జట్టు ఆఖరి బంతి రింగు చుట్టూ తిరిగి బయటికొచ్చింది.

కోచ్ టేబుల్ దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. “సెబ్బో, మీరు పలక చూశారా?” అని మాత్రం అడిగాడు. సెబ్బో అంటే అయ్యా. నేను లేచి నిలబడి నా తప్పేనన్నాను. ఆయన వెనక బెంచీ మీద 14వ నంబరు ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఈ రోజూ ఇంటూ లేదు వాడికి.

లెక్కల్లో తప్పొస్తే జర్నల్ ఎంట్రీ ఒకటి వేసి సరిచేస్తాం. ఏడాది చివరికి ఎక్కడో ఒకచోట సర్దుబాటవుతుంది. ఇది సర్దుబాటు కాదు.

12 జూన్, సోమవారం

స్టోర్ కీపర్ పొద్దున్నే రేకుల రసీదులు తెచ్చాడు. నిన్నటి మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఇక రానన్నాను. “రానంటే మీ ఇష్టం. వస్తే మాత్రం ఇక నుంచి గట్టిగా చెప్పుకుందాం. నేను నంబరూ పాయింట్లూ అరుస్తాను, మీరు తిరిగి అరిచాకే పలక తిప్పాలి. అసలు పద్ధతే అది. నిన్న నేనూ అరవలేదు” అన్నాడు.

మధ్యాహ్నం వాళ్ళ పేట మీదుగా నడిచాను, నముగొంగో కాదు, నమువొంగో. పేరు రాయడం ఇప్పటికీ కుదరదు నాకు. రైలు పట్టాల పక్కన రేకుల ఇళ్ళు, మా గోడౌన్ రేకులే చాలావరకు. ఈ మధ్య ఆయిలర్స్‌కి ఎదురు నిలబడుతున్న బ్లేజర్స్ జట్టు పేరు ఈ పేట పేరే. ఇల్లు ఇక్కడే కదా, నువ్వు బ్లేజర్స్ మనిషివా అని అడిగితే, టేబుల్ ముందు కూర్చున్నప్పుడు ఎవరి మనిషినీ కాను అన్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు? నవ్వి ఊరుకున్నాడు.

24 జూన్, శనివారం

లుగోగో. పై డివిజన్ ఆట, నేను ప్రేక్షకుణ్ణి. ఆట కన్నా టేబులే ఎక్కువ చూశాను. నలుగురు: స్కోరరు, అసిస్టెంటు, గడియారం చూసేవాడు, ఇరవైనాలుగు సెకన్ల గడియారం చూసేవాడు. దాడిలో రీబౌండ్ దొరికితే ఆ ఆఖరివాడు ఇరవైనాలుగు కాదు, పద్నాలుగుకి తిప్పాలి. ఒక్క సెకను ఆలస్యమైతే మొత్తం హాలు ఆ వ్యక్తిని తిడుతుంది. సరిగ్గా తిప్పిన వందసార్లు ఎవరూ చూడరు.

బయట ఓవల్లో క్రికెట్ నడుస్తోంది. చాయ్ పెద్దాయన చేయి ఊపారు. “ఈ మధ్య కనపడట్లేదే” అన్నారు.

1 జూలై, శనివారం

వెళ్ళాను. వైఎంసీఏ, మళ్ళీ అదే నీలం జట్టు. కోచ్ నన్ను చూసి తలూపాడు. అది పలకరింపో హెచ్చరికో తెలియలేదు.

ఈసారి అరుచుకున్నాం. “ఏడు, రెండు!” “ఏడు, రెండు!” “పదకొండు, మూడు!” “పదకొండు, మూడు!” గొంతు పోయింది. పక్కన కూర్చున్న పిల్లలు మమ్మల్ని అనుకరిస్తూ నవ్వారు. కొంగలు వచ్చినా నేను తల తిప్పలేదు.

నీలం జట్టు ఆట కాదు ఇవాళ్టిది. మూడో క్వార్టర్‌కే పందొమ్మిది వెనకపడ్డారు. ఆఖరి నిమిషంలో, నలభై సెకన్లున్నప్పుడు, టేబుల్ ముందుకి ఒక నీడ వచ్చింది. తలెత్తితే 14. మార్పు అడగడానికి ఆటగాడు స్వయంగా టేబుల్ దగ్గరికొచ్చి చెప్పాలి. ఆ మాట అనడం వాడికి కొత్త. చేత్తో సైగ చేశాడు గానీ మాట రాలేదు. గడియారం ఆగగానే సైరను మోగింది, వాడు లోపలికి పరిగెత్తాడు. స్టోర్ కీపర్ నీలం పెన్నుతో ఆ సన్నటి గడిలో ఇంటూ వేశాడు. మిగతావాటికన్నా కొంచెం పెద్దదిగా వేశాడనిపించింది, అడగలేదు.

వాడికి బంతి అందలేదు. ఎదుటివాడు బుట్ట వైపు పోతుంటే అడ్డం వెళ్ళి గుద్దేశాడు. ఫౌల్. ఇంటూ వరసలోనే P, కింద చిన్న 2. రెండు ఫ్రీ త్రోలిచ్చాడు. ఇన్నాళ్ళకి దిగినవాడి ఖాతాలో జమ అదొక్కటే. వాడు మాత్రం చేయి ఎత్తి ఫౌల్ ఒప్పుకుని, నిటారుగా నిలబడ్డాడు.

ఆట ముగిసింది. మొత్తాల కింద రెండేసి గీతలు, మిగిలిన అంకెల మీద కొస దాకా ఒక ఏటవాలు గీత. స్కోరరు పేరు, దాని కింద నాదీ గడియారాలవాళ్ళవీ, ఆ తర్వాత రిఫరీల సంతకాలు. పెద్ద రిఫరీ అందరికన్నా ఆఖర్న పెడతాడు. ఆ సంతకం పడేదాకా లెక్కలో తప్పుంటే దిద్దొచ్చు, పడ్డాక లేదు. ఆయన పెన్ను కాగితానికి ఆనేముందు నేను మొత్తాలు ఇంకోసారి కూడి చూశాను. కలిశాయి.

గులాబీ రంగు నకలు గెలిచినవాళ్ళకి, పసుపుది ఓడినవాళ్ళకి. పసుపు కాగితాన్ని కోచ్ మడవబోతుంటే 14వ నంబరు ఆపి, బెంచీ మీద పరిపించి, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.